వెల్లకిలా

అమలాపురంలో పసిపిల్లల ఆరోగ్యం మీద ఏడాదికోసారి తరగతి పెడతారు. చుట్టుపక్కల సబ్‌సెంటర్ల నర్సులందరినీ పిలిచి, పాఠం చెప్పి, టీ ఇచ్చి, సంతకాలు పెట్టించుకుని పంపేస్తారు. సువర్ణ పదమూడేళ్ళుగా ఒక్క తరగతీ మానలేదు. చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాసుకోవడం, రాసుకున్నది రాసుకున్నట్టు ఊళ్ళో చెప్పడం ఆమె పద్ధతి. 1989 డిసెంబరులో ఆ శనివారం కూడా అలాగే రాసుకుంటూ కూర్చుంది.

పాఠం చెప్పేది కొత్తగా వచ్చిన పిల్లల డాక్టరు. మీసం ఇంకా సరిగ్గా కుదరని కుర్రాడు.

"చంటిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టమని ఇన్నాళ్ళూ మనమే చెప్పేం కదండీ. ఇకనించీ చెప్పకండి. వెల్లకిలా పడుకోబెట్టమనండి."

"ఇదేంటండీ బాబూ! పిల్లలా, పెనం మీద అట్లా? ఓసారి ఇటు, ఓసారి అటు తిరగెయ్యడానికి!" అంది సువర్ణ పక్కన కూర్చున్న సూర్యకాంతం. ఆవిడ కొత్తపేట వైపు నర్సు, నోరు ఊరుకోదు. గదంతా నవ్వింది. డాక్టరూ నవ్వాడు.

"మాకూ ఇలాగే అనిపించిందండి మొదట. బయటి దేశాల్లో లెక్కలు తీసేరు. ఏ జబ్బూ లేని పిల్లలు. పాలు తాగేరు, నవ్వేరు, పడుకున్నారు. లేపితే లేవలేదు. కోసి చూసినా లోపల ఏమీ దొరకలేదు. అలా పోయినవాళ్ళలో బోర్లా పడుకున్నవాళ్ళే ఎక్కువని తేలిందండి. రెండోనెల నించి నాలుగోనెల దాకా, అందులోనూ చలికాలంలో. ఎందుకంటే మటుకు ఎవరికీ తెలీదు."

సువర్ణ లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియలేదు.

"వెల్లకిలా పడుకుని పాలు కక్కుకుంటే, ఊపిరితిత్తుల్లోకి పోదాండీ?"

"పోదండి. మింగేస్తారు, లేకపోతే దగ్గేస్తారు. మన ముసలమ్మలు తరాల తరబడి వెల్లకిలానే కదండీ పడుకోబెట్టేరు. చదువుకున్నాక మనం తిరగేసేం."

సువర్ణ కూర్చుంది. డాక్టరు తక్కినవి చెప్పుకుంటూ పోయాడు. పక్క గట్టిగా ఉండాలి, బూరుగుదూది పరుపుల్లాంటి మెత్తటివి వద్దు. తలకింద దిండు వద్దు, అటూ ఇటూ దిళ్ళు అసలే వద్దు. చలి అని ముఖం మీదకి దుప్పటి లాగకూడదు. బిడ్డ ఉన్న గదిలో చుట్ట కాల్చకూడదు. సూర్యకాంతం రాసుకుంటోంది. సువర్ణ నోటుబుక్కులో 'ఇకనుంచి వెల్లకిలా' అన్న రెండు మాటల తర్వాత కాగితం తెల్లగానే ఉండిపోయింది.

"కళ్ళు తిరుగుతున్నాయేంటి? మజ్జిగ తెప్పించనా?" అంది సూర్యకాంతం.

"వద్దండి. బానే ఉన్నాను."

బానే ఉంది కూడా. సంతకం పెట్టింది. టీ తాగింది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు అంబాజీపేటలో ఆగితే అరటిపళ్ళు కొంది. డబ్బులిచ్చి చిల్లర సరిగ్గానే తీసుకుంది. ఆమె చేతులు చెయ్యాల్సిన పనులన్నీ చేస్తున్నాయి. ఆ చేతులు తనవి కానట్టు ఆమె చూస్తూ ఉంది.

పదకొండేళ్ళ కిందట, చలికాలంలో, ఆమె మొదటి కొడుకు నిద్రలో పోయాడు.

వాడి పేరు లాజరు. తాత పేరే పెట్టారు. ఆ తాత బతికున్నన్నాళ్ళూ ఒక కామందు దగ్గర పాలేరుతనం చేశాడు. అతని భార్య హన్నమ్మ నాట్లకీ కోతలకీ పోయి కొడుకు ప్రభాకరరావుని చదివించింది. ఆ ఇంట్లో బడి గడప తొక్కిన మొదటివాడు అతనే. మేష్టరయ్యాడు. నర్సు ట్రైనింగైన సువర్ణని చేసుకున్నాడు. కోడలు మొదటిసారి తెల్లకోటు తొడుక్కుని గడప దిగిన రోజు హన్నమ్మ వీధి చివరిదాకా వెనకాలే నడిచి వెళ్ళింది. ఎందుకంటే ఏం లేదు, చూడ్డానికి.

లాజరుకి మూడోనెల నిండాక సెలవు అయిపోయి సువర్ణ డ్యూటీలో చేరింది. పగలంతా బిడ్డ నాయనమ్మ దగ్గరే. వెళ్ళేముందు రోజూ ఒకటే మాట.

"బోర్లా పడుకోబెట్టండి అత్తయ్యగారూ. మర్చిపోకండి."

"ముక్కు నొక్కుకోదామ్మా? నేను ఆరుగుర్ని కన్నాను. అందర్నీ వెల్లకిలానే పెట్టేను."

"ఆరుగురిలో ముగ్గురే కదండీ దక్కేరు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పాతికేళ్ళ వయసు, అనేసింది. అనడమే కాదు, ట్రైనింగు స్కూల్లో రాసుకున్న నోటుబుక్కు తెచ్చి ఆ పేజీ చూపించింది. హన్నమ్మకి అక్షరం ముక్క రాదు. అయినా తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని, బుక్కు ముట్టుకోకుండా వంగి, ఆ నీలం అక్షరాలకేసి కాసేపు చూసింది.

"రాసుంటే ఇంకేం. అలాగేనమ్మా."

ఆ తర్వాత ఆవిడ ఒక్కరోజూ తప్పలేదు. పుస్తకం అంటే ఆవిడకి దైవవాక్యం తర్వాత అంతటిది. చదువే తన కొడుకుని పొలం గట్టుమీంచి బడి అరుగు మీదకి ఎక్కించింది. ఆ చదువు బోర్లా అంటే బోర్లానే.

1979 జనవరిలో ఒక మంగళవారం మధ్యాహ్నం రెండింటికి, డ్యూటీనించి ఇంటికొచ్చిన సువర్ణ బిడ్డని లేపబోయింది. వాడు బోర్లా ఉన్నాడు. తను నేర్పినట్టే, ముఖం ఒక పక్కకి, చేతులు రెండూ తలకి అటూ ఇటూ. తను మొదటి జీతంతో కుట్టించిన బూరుగుదూది పరుపు మీద. చెయ్యి వేసేసరికి వాడు చల్లగా ఉన్నాడు. ఎత్తుకుంది. అరిచింది. పెరట్లోంచి హన్నమ్మ పరిగెత్తుకొచ్చేసరికి బిడ్డ సువర్ణ చేతుల్లో ఉన్నాడు. కాబట్టి వాడు ఎలా పడుకుని పోయాడో కళ్ళతో చూసింది సువర్ణ ఒక్కతే.

ప్రభాకరరావు బడినించి వచ్చాడు. ఇంటినిండా జనం. పక్కింటి పెద్దింట్లమ్మ గాలి సోకిందంటోంది. అతను ఎవరినీ చూడలేదు.

"ఎలా పడుకున్నాడు?" అని అడిగాడు భార్యని.

"వెల్లకిలా," అంది సువర్ణ.

ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో ఆమె తర్వాత చాలాసార్లు వెతుక్కుంది. అత్తగారి తప్పని చెప్పాలని అనుకోలేదు. ఏమీ అనుకోలేదు. ముందురోజే పాతిక మంది తల్లుల్ని కూర్చోబెట్టి బోర్లా అని చెప్పి వచ్చింది. బోర్లా పడుకున్న బిడ్డ చావడు. తన బిడ్డ చచ్చిపోయాడు. కాబట్టి వెల్లకిలా. నోరు అలా లెక్క కట్టేసింది.

"బోర్లానేనమ్మా," అంది హన్నమ్మ గుమ్మంలోంచి. "నువ్వు చెప్పినట్టే పెట్టేనమ్మా."

సువర్ణ తల ఎత్తలేదు. ప్రభాకరరావు తల్లివైపు తిరిగాడు.

"చదువులేని మనిషికి బిడ్డనప్పగించడం నాదే బుద్ధితక్కువ."

అంతే. అతను ఆ తర్వాత ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. తల్లిని తిట్టలేదు, బయటికి పంపలేదు. కావాల్సినవి తెచ్చి పడేసేవాడు. రెండేళ్ళకి కూతురు రూతు పుట్టినప్పుడు, నడక వచ్చేదాకా ఆ పిల్లని అత్తవారింట్లోనే ఉంచాడు. ఎందుకని హన్నమ్మ అడగలేదు.

ఆవిడ మొదట్లో ఎవరడిగినా బోర్లానే పెట్టానని చెప్పేది. కొన్నాళ్ళకి ఊరుకుంది. ఇంకొన్నాళ్ళకి, "ఏమోనండి, అలవాటు చొప్పున వెల్లకిలా పెట్టేసేనేమో" అనడం మొదలుపెట్టింది. రెండో ఏడు క్రిస్మసు ముందు, చర్చిలో స్త్రీల కూడికలో లేచి నిలబడి, మనవణ్ణి అజాగ్రత్తవల్ల చంపుకున్నాను, నా కోసం ప్రార్థన చెయ్యండమ్మా అని అడిగింది. ఆడవాళ్ళందరూ కళ్ళు మూసుకున్నారు. అదే చాప మీద సువర్ణ కూడా కళ్ళు మూసుకుంది.

తర్వాత ఏ చంటిబిడ్డనీ హన్నమ్మ ముట్టుకోలేదు. సువర్ణ మాత్రం ఊళ్ళో ప్రతి బాలింతకీ బోర్లా అనే చెబుతూ వచ్చింది. ఈ పదకొండేళ్ళలో ఆమె రిజిస్టరులో నిద్రలో పోయిన చంటిపిల్లలు ఇద్దరు. ఇద్దరికీ న్యుమోనియా అని రాసింది.

బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. ఇంటి వసారాలో ప్రభాకరరావు పరీక్షపేపర్లు దిద్దుకుంటున్నాడు. లోపల మంచం మీద అతని చెల్లెలు సుందరి రెండునెలల కూతుర్ని పడుకోబెడుతోంది. కె.గంగవరంలో కాపురం, పురిటికి వచ్చి ఇంకా వెళ్ళలేదు. పిల్ల బోర్లా ఉంది.

సువర్ణ సంచీ కింద పెట్టలేదు. మంచం దగ్గరికి వెళ్ళి పిల్లని వెల్లకిలా తిప్పింది. పిల్ల కళ్ళు విప్పి చూసి మళ్ళీ మూసుకుంది. పక్కనున్న దిళ్ళు రెండూ తీసేసింది.

"అదేంటొదినా? పురిట్లో నువ్వేగా బోర్లా అన్నావు. ఇవాళ వెల్లకిలా. రేపెళ్ళొచ్చి నిలబెట్టమంటావా?" అంది సుందరి.

"తప్పు చెప్పేను. ఇలాగే పెట్టాలంట."

"ఎవరంట?"

"డాక్టరుగారు. బోర్లా పడుకుంటే నిద్రలోనే ప్రాణం పోవడం ఎక్కువంట. వెల్లకిలా అయితే తక్కువంట. మెత్తటి పరుపు వద్దు, చాపమీద బొంత చాలు. దిళ్ళు పెట్టకు."

వంటింటి గుమ్మంలో హన్నమ్మ నిలబడి ఉంది. చేతిలో చేట. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"వెల్లకిలా పెడితే మంచిదన్నారా అమ్మా?"

"ఆయ్, అత్తయ్యగారూ."

"మరి మనవణ్ణి నేను వెల్లకిలానే పెట్టేను గదా." ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. పిల్లలు లెక్కల్లో అర్థంకాని చోట మేష్టర్ని అడిగినట్టు అడిగింది. "మంచిదే చేసేను గదా. మరెందుకు పోయేడంటావు?"

సుందరి వదినవైపు చూసింది. వసారాలో పేపర్లు తిప్పే చప్పుడు ఆగింది.

ఇంకో అబద్ధం చెప్పడం తేలికే. వెల్లకిలా పడుకున్నా కొంతమంది పోతారు. డాక్టరే అన్నట్టు చెప్పొచ్చు. ఆ మాట సువర్ణ నాలిక చివర ఉంది. హన్నమ్మ జవాబు కోసం చేట పట్టుకుని చూస్తోంది. ఏం చెప్పినా నమ్ముతుంది. సువర్ణకి అది స్పష్టంగా కనిపించింది. ఏం చెప్పినా నమ్ముతుంది ఈవిడ.

"మీరు వెల్లకిలా పెట్టలేదండి. బోర్లానే పెట్టేరు. నేను చెప్పినట్టే పెట్టేరు. నేను చూసేను."

హన్నమ్మ చేట నడుముకి ఆనించుకుంది.

"అయితే," అంది హన్నమ్మ మెల్లిగా, "నేను మర్చిపోలేదన్నమాట."

"లేదండి. మీరేం మర్చిపోలేదు."

"కూడికలో లేచి చెప్పేను గదమ్మా, అందరి ముందూ. నువ్వక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

ప్రభాకరరావు లోపలికి వచ్చాడు. చేతిలో ఎర్రపెన్ను మూత తీసే ఉంది.

"నేనడిగితే వెల్లకిలా అన్నావు నువ్వు."

"అన్నానండి."

"నేనప్పుడు అమ్మని..." అని ఆగిపోయాడు. ఏమన్నాడో ముగ్గురికీ గుర్తుంది. అతను తల్లివైపు చూసి, "నువ్వు గట్టిగా చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు.

"చెప్పేను గదరా. ఒకసారి చెప్పేను. నువ్వు దాని మొహంకేసి చూసేవు, నా మొహంకేసి చూసేవు. దాన్ని నమ్మేవు. చదువుని నమ్మాలనే గదా నిన్ను చదివించింది."

హన్నమ్మ చేటలో బియ్యం అటోసారి ఇటోసారి ఎగరేసింది. రాళ్ళేం లేవు. "అన్నం పెడతాను, చేతులు కడుక్కోండి," అని లోపలికి వెళ్ళింది. ఆ పూట అందరూ తిన్నారు. ఎవరూ కేకలెయ్యలేదు, ఏడవలేదు. ప్రభాకరరావు మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. తర్వాత వసారాలోకి పోయి, దిద్దిన పేపర్లనే మళ్ళీ మొదటినించీ దిద్దాడు.

మర్నాడు ఆదివారం. ఆరాధన కాగానే సువర్ణ రిజిస్టరు పట్టుకుని బయల్దేరింది. ఏడాది లోపు పిల్లలున్న ఇళ్ళు ఇరవై ఆరు. బుధవారం టీకా సూదుల రోజు దాకా ఆగొచ్చు, అందరూ సబ్‌సెంటరుకే వస్తారు. ఆగలేదు. ప్రతి గుమ్మంలోనూ అదే చెప్పింది. బోర్లా అని నేను చెప్పింది తప్పండి. వెల్లకిలా పెట్టండి. పగలైనా రాత్రయినా. మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్ళముందు, బోర్లా ఆడుకోనివ్వండి, మెడ గట్టిపడుతుంది. నిద్రకి మాత్రం వెల్లకిలా.

"అలా పెడితే కక్కుకోరాండీ?" అని అడిగారు. తను అడిగిందే. డాక్టరు చెప్పిందే చెప్పింది.

పెద్దింట్లమ్మ మనవరాలికి ఐదోనెల. పక్కిల్లే, నిన్నటి మాటలన్నీ ఆ ఇంటికి వినబడ్డాయి. ఆవిడ గుమ్మానికి అడ్డంగా కూర్చుని అంతా విని, "ఇన్నాళ్ళూ ముసలిదానికేం తెల్సునని మా నోళ్ళు నొక్కేవు కదమ్మా నర్సమ్మా!" అంది.

"ఆయ్. నొక్కేనండి."

"మీ అత్తని కూడా నలుగుర్లో నొక్కేవు."

"ఆయ్."

పెద్దింట్లమ్మ ఇంకా ఏదో అనబోయింది. ఎదుటిమనిషి కాదనకపోతే దెప్పడం ఎంతోసేపు సాగదు. "ఎండలో నిలబడ్డావు, లోపలికి రా, నీళ్ళు తాగు" అంది.

ఆ ఇంట్లో పిల్ల తల్లి చిన్నపిల్ల, పద్దెనిమిదేళ్ళుంటాయేమో. గొంతు తగ్గించి అడిగింది. "మీ బాబు అందుకే పోయేడాండీ?"

"తెలీదమ్మా. ఎవరికీ తెలీదు. వెల్లకిలా ఉన్నా పోయేవాడేమో. బతికేవాడేమో." సువర్ణ రిజిస్టరు మూసింది. "ఎలా పెడితే ప్రమాదం తక్కువో మటుకు తెల్సు. అది చెప్పడానికొచ్చేను."

ఇరవై ఆరిళ్ళు అయ్యేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. పోయిన ఇద్దరు పిల్లల ఇళ్ళకి కూడా వెళ్ళాలి. వాళ్ళకేం చెప్పాలో ఇంకా తెలియలేదు. ఏమీ పాలుపోక రిజిస్టరు సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చింది.

హన్నమ్మ పెరటివైపు పంచలో కూర్చుని కొబ్బరాకు ఈనెలు చీరుతోంది. చీపుర్లకి. సువర్ణ గాబులో నీళ్ళు ముంచి కాళ్ళమీద పోసుకుని, పంచలోనే కాస్త ఎడంగా కూర్చుంది. క్షమించండి అన్న మాట పొద్దుటినించీ నోట్లో ఉంది. అది చిన్నమాటలా అనిపిస్తోంది. చాకు ఆకుమీద చరచరా జారుతోంది.

"ఒకటడుగుతాను చెప్పమ్మా," అంది హన్నమ్మ, తల ఎత్తకుండానే. "నువ్వు నర్సువి. నీకు తెలుస్తుంది."

"అడగండి."

"వాడు ఏడ్చేడంటావా? నేను ఇక్కడే, ఇదే పని చేస్తన్నాను. చాకు చప్పుడులో వినపళ్ళేదేమోనని."

పదకొండేళ్ళు ఈవిడ మోసింది ఇదన్నమాట. బోర్లా, వెల్లకిలా కాదు.

"ఏడవరండి," అంది సువర్ణ. "అలా పోయే పిల్లలు ఏడవరు. కాళ్ళూ చేతులూ కొట్టుకోరు. చప్పుడే ఉండదు. పక్కన కూచున్నా తెలీదు."

"నిజంగానా? నా కోసం చెప్తన్నావా?"

"నిజమేనండి." ఆ తర్వాతది సువర్ణ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ప్రభాకరరావుకి కూడా. "ఆవేళ నేను ఒంటిగంటన్నరకే ఇంటికొచ్చేను. వాణ్ణి చూసేను. బోర్లా ఉన్నాడు. అత్తయ్యగారు చెప్పినట్టే పెట్టేరు, బాగా నిద్రపోతున్నాడు అనుకున్నాను. లేపడం ఎందుకని వంటింట్లోకెళ్ళి అన్నం పెట్టుకు తిన్నాను. కడుపునిండా తిన్నాను. తిన్నాక వెళ్ళి లేపేను. మధ్యలో గోడ కూడా లేదు, తడికే. నాకూ ఏం వినపళ్ళేదండి."

చాకు ఆగింది. హన్నమ్మ మొదటిసారి ఆమెవైపు తిరిగి చూసింది.

"ఆవేళ ఆనపకాయ పులుసు," అంది.

"ఆయ్."

"నేనే వండేను."

"ఆయ్, అత్తయ్యగారూ."

హన్నమ్మ ఇంకో ఆకు తీసుకుంది. చీరిన ఈనెలు తన పక్కనుంచి జరిపి, ఇద్దరి మధ్యలో పెట్టింది. సువర్ణ వాటిని తీసి, పొడుగువి ఒకవైపు, పొట్టివి ఒకవైపు వేరుచెయ్యడం మొదలుపెట్టింది.